‘తెలుగు’కు మూడు గళ్లు, ‘స్త్రీ’కి ఒకటి

2019 సెప్టెంబరులో మాకు అప్పగించిన పని చూడటానికి చిన్నదే. ఒక వారపత్రికకు గళ్లనుడికట్టు తయారు చేసిపెట్టే ప్రోగ్రామును పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత రూపం పైథాన్ 2 నుంచి కొత్త రూపం పైథాన్ 3కు మార్చాలి. 2020 జనవరి 1 తరువాత పాత పైథాన్‌కు మరమ్మతులు ఉండవు. ప్రోగ్రాము సుమారు తొమ్మిది వేల వరుసలు. పని చేసేది ముగ్గురం.

మా సీనియర్ ఇరవై ఏళ్లుగా సి ప్లస్ ప్లస్ భాషలో పనిచేసిన మనిషి. పైథాన్ అంటే ఆయనకు నమ్మకం లేదు. నడిపి చూస్తే తప్ప తప్పు బయటపడదని, వేగం లేదని అనేవారు. అన్నిటికన్నా ఆయనకు కోపం తెప్పించింది 2008 డిసెంబరు నాటి నిర్ణయం: పాత ప్రోగ్రాములు ఉన్నవి ఉన్నట్టు నడవని పైథాన్ 3ను విడుదల చేయడం. “నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ తిరగరాయమన్నారు. గడువు 2015 అన్నారు, మళ్లీ 2020 అన్నారు. వాడేవాళ్ల మీద గౌరవం ఉన్నవాళ్లు చేసే పనేనా అమ్మా ఇది?” అని అడిగారు. కొత్తగా చేరిన అమ్మాయికి పైథాన్ ప్రాణం. కాలేజీలో తనకు ధైర్యం ఇచ్చిన మొదటి భాష అదే. నేను అప్పటికి సీనియర్ పక్షమే.

ముందుగా, అచ్చయిన యాభై పాత నుడికట్లను పరీక్షలుగా పెట్టుకున్నాం. మార్పు తరువాత కూడా అవే గళ్లు, అవే పదాలు రావాలి. ఆ పరీక్షలు లేకపోతే ఈ పని పూర్తయ్యేది కాదు. అప్పట్లో పైథాన్‌తో వచ్చే ‘టూ టు త్రీ’ సాధనం ప్రింట్ వాక్యాల వంటి పైపై మార్పులను ఒక పూటలో ముగించింది. భాగహారాన్ని మాత్రం అది ముట్టుకోదు. పాత పైథాన్‌లో 13ను 2తో భాగిస్తే 6, కొత్తదానిలో 6.5. పట్టికలో నడిమి గడిని వెతికే చోట ఆరున్నరో గడి ఎక్కడుంటుంది? అలాంటి చోట్లన్నీ చేత్తో దిద్దాం. ట్యాబులూ ఖాళీలూ కలగలిసిన ఫైళ్లను కొత్త పైథాన్ ఒప్పుకోలేదు. అక్కడ రెండు రోజులు పోయాయి.

అసలు కథ అక్షరాలది. పైథాన్, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ మొదటి ప్రమాణం రెండూ 1991లోనే బయటికి వచ్చాయి. పైథాన్‌లోకి యూనికోడ్ 2000లో వచ్చింది, అదీ ఉన్న ఇంటికి వసారా దించినట్టు. అందుకే పైథాన్ 2లో పాఠ్యం రెండు రకాలు: యూనికోడ్ అక్షరాలు, ఒట్టి బైట్లు (కంప్యూటర్ దాచుకునే అంకెలు). ఆ రెండూ కలిసినచోట భాష తనంతట తానే ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలకే చోటున్న పాత పట్టిక) అనుకొని మార్చేసేది. ఇంగ్లీషు పదాలతో పరీక్షిస్తే అంతా సవ్యంగా నడిచేది, మొదటి తెలుగు పదం తగలగానే కూలిపోయేది. మా ప్రోగ్రాములో ఆ దెబ్బ తప్పించడానికి వేసిన అతుకులు వందకు పైగా ఉన్నాయి. పైథాన్ 3 బైట్లు వేరు, పాఠ్యం వేరు అని గీత గీసింది. అతుకులను ఒక్కొక్కటిగా తీసేస్తుంటే నా పక్షం మారింది. ఇంగ్లీషు మాత్రమే వాడేవాళ్లకు అనవసరమైన విధ్వంసంలా కనిపించిన ఆ మార్పు, మన లిపిలో పనిచేసేవాళ్లకు ఆలస్యంగా అందిన న్యాయం. సీనియర్‌తో ఈ మాట గట్టిగానే అన్నాను.

కష్టాలు తీరలేదు. విండోస్ కంప్యూటర్‌లో నిఘంటువు ఫైలు తెరుచుకోలేదు. యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అని మనం స్పష్టంగా చెప్పకపోతే అక్కడ అప్పటి పైథాన్ విండోస్ పాత అక్షరాల పట్టికను పట్టుకునేది. మన కొమ్ములోని ఒక బైటుకు, పొల్లులోని ఒక బైటుకు ఆ పట్టికలో చోటే లేదు. కొమ్మూ పొల్లూ లేని తెలుగు వాక్యం ఎన్నింటిలో ఒకటి ఉంటుంది? ఫైలు తెరిచే ప్రతిచోటా ఆ మాట చేర్చాం.

తరువాత లెక్క. ‘తెలుగు’ పొడవెంత అని అడిగితే పైథాన్ 2 పద్దెనిమిది అనేది. అవి బైట్లు. పైథాన్ 3 ఆరు అంటుంది: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. ‘స్త్రీ’ని అడిగినా ఆరే. నుడికట్టులో మొదటిదానికి మూడు గళ్లు కావాలి, రెండోదానికి ఒకటే. అక్షరాలను విడదీసే బయటి లైబ్రరీని (ఇతరులు రాసిపెట్టిన కోడును) తెచ్చి చూశాం. అప్పట్లో అది పొల్లు దగ్గర తెంచేసేది, ‘అక్క’కు మూడు ముక్కలు వచ్చేవి. చివరికి ఆ అమ్మాయే సొంతంగా నిబంధన రాసింది: పొల్లు తరువాత హల్లు వస్తే అది ముందు అక్షరంలోనే కలవాలి. అందులో ఒక చలరాశికి ‘పదం’ అని తెలుగు లిపిలోనే పేరు పెట్టి, “అక్కా, ఇది నడుస్తోంది!” అని పిలిచింది. పైథాన్ 3లో అది చెల్లుతుందని నాకు ఆ రోజే తెలిసింది. చాలాసేపు ఆ వరుసనే చూస్తూ ఉండిపోయాను.

డిసెంబరు మూడో వారంలో యాభై పరీక్షలూ నెగ్గాయి. వేగం విషయంలో సీనియర్ మాటే నిజమైంది. గళ్లు నింపే భాగాన్ని ఒకేసారి నడవాల్సిన నాలుగు పాయలుగా, అంటే థ్రెడ్లుగా, విడగొట్టినా సమయం తగ్గలేదు, ఒకసారి ఒక థ్రెడ్డే పైథాన్ కోడును నడపగలిగేలా లోపల తాళం ఉంది కాబట్టి. ఆ ఒక్క భాగాన్ని ఆయన సి ప్లస్ ప్లస్‌లో రాసి ఇచ్చారు. మిగతా ఫంక్షన్లన్నిటికీ కూర్చుని, ఏ విలువ ఏ రకానిదో (సంఖ్యా, పాఠ్యమా) చెప్పే సూచనలు చేర్చారు.

చివరి రోజు ఆయనే ‘స్త్రీ’ అని టైపు చేశారు. ఒకటి అని వచ్చింది. “ఇది పైథాన్ చెప్పింది కాదు, ఈ అమ్మాయి చెప్పింది” అన్నారు. ఆ మాట కాదనలేదు నేను. పాత పైథాన్‌ను సర్వర్ నుంచి ఆయన చేతే తీయించాం.