అబార్షన్ డ్యూటీ నుంచి మినహాయింపు అడిగాను: నా అనుభవం

స్త్రీల వార్డుకు నన్ను బదిలీ చేస్తున్నారని తెలియగానే, అబార్షన్ల నుంచి మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాను. కడుపులోని ప్రాణాన్ని తీసే పనిలో నా చెయ్యి ఉండకూడదన్నది నా విశ్వాసం. అది అందరికీ నచ్చదు. అబార్షన్ కోరుకునే హక్కు స్త్రీకి ఉందని గట్టిగా నమ్మే సిస్టర్లతోనే నేను రోజూ పనిచేస్తాను, వాళ్ళ మనస్సాక్షి నాదానికన్నా చిన్నదేమీ కాదు. ఇలాంటి పరిస్థితిలో ఉన్న నర్సులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం ముందుగా చెప్పడం. మంచం మీద భయపడుతూ పడుకున్న మనిషి ఎదుట నిలబడి, “ఈ పని నేను చేయను” అంటే అది ఆమెను శిక్షించడమే. డ్యూటీ చార్టు వేయకముందే తెలిస్తే ఆ షిఫ్టుకు మరొకరిని వేస్తారు. రోగిదాకా ఆ సంగతి వెళ్ళనే వెళ్ళదు.

నర్సింగ్ సూపరింటెండెంట్ గారు నా దరఖాస్తు చదివి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. “ఏయే పనులు చేయరో వరసగా రాసి తీసుకురండి సిస్టర్. ఊరికే అబార్షన్ పనులు అంటే నేను చార్టు వేయలేను” అన్నారు.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది ఎంత కష్టమో. అబార్షన్ మాత్రలు చేతికివ్వడం, థియేటర్‌లో డాక్టరుకు పరికరాలు అందించడం, ఈ రెండూ వెంటనే రాశాను. తర్వాత కలం ఆగిపోయింది. మిసోప్రోస్టాల్ అబార్షన్‌కు ఇస్తాం. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోయినా అదే మాత్ర ఇస్తాం. బిడ్డ కడుపులోనే చనిపోయినప్పుడు గర్భసంచిని శుభ్రం చేసే పద్ధతీ, అబార్షన్‌లో చేసే పద్ధతీ చాలావరకు ఒకటే. గర్భసంచికి చేరకుండా దాని పక్కనుండే ఫెలోపియన్ నాళంలోనే నిలిచిన గర్భానికి బతికే అవకాశం లేదు, నాళం పగిలితే తల్లి ప్రాణానికే ముప్పు. మందు పేరు చూసో, పరికరం చూసో కాదంటే ఈ ఆడవాళ్ళందరినీ గాలికి వదిలేసినట్టే. వీటిలో ఏదీ నా జాబితాలో పెట్టలేదు.

నన్ను ఎక్కువ కలత పెట్టింది మరో సందర్భం. నెలలు నిండక ముందే ఉమ్మనీరు పోయి, తల్లికి ఇన్ఫెక్షన్ సోకి, అది రక్తంలోకి పాకుతుంటే, పిండం గుండె ఇంకా కొట్టుకుంటున్నా గర్భం తీసేయకుండా ఆగడానికి వీల్లేదు. ఆలస్యమైతే తల్లి దక్కదు. అప్పుడు డాక్టరు పక్కనే ఉంటాను, చెప్పిన పని చేస్తాను అని రాశాను. ఆ వాక్యం తేలికగా రాలేదు. చెరిపేయాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఇతర దేశాల్లో హద్దు ఎక్కడ పెట్టారో చదవడం నాకు చాలా ఉపయోగపడింది. బ్రిటన్ 1967లో చేసిన అబార్షన్ చట్టం మనస్సాక్షి కారణంగా తప్పుకునే హక్కు ఇస్తుంది. స్త్రీ ప్రాణం కాపాడడానికి, ఆమెకు శాశ్వతమైన తీవ్ర హాని జరగకుండా చూడడానికి అవసరమైన చికిత్సకు మాత్రం ఆ హక్కు వర్తించదు. ఆ దేశంలోనే గ్లాస్గోలో ఇద్దరు మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పులు చేసే సిస్టర్లు, అబార్షన్లు చేసే సిబ్బందిని పర్యవేక్షించడం కూడా తమ వల్ల కాదని కోర్టుకెక్కారు. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్వయంగా చేసే పనికే మినహాయింపు తప్ప, డ్యూటీలు వేయడానికీ, పర్యవేక్షణకూ కాదని తేల్చింది. వార్డు నడిచే తీరు తెలిసినదాన్ని కాబట్టి ఆ తీర్పు సబబే అంటాను. ఇటలీలో 1978 నాటి చట్టం అబార్షన్‌కు ముందూ తర్వాతా చేసే సంరక్షణ నుంచి ఎవరినీ తప్పించదు. అయినా అక్కడ సగానికి పైగా గైనకాలజిస్టులు తప్పుకోవడంతో కొన్నిచోట్ల స్త్రీలు వేరే ప్రాంతాలకు వెళ్ళవలసి వస్తోంది. స్వీడన్‌లోనైతే చట్టం ఈ హక్కే ఇవ్వదు.

చివరి సమావేశంలో సీనియర్ డాక్టర్ గారు ఒకటే అడిగారు. “ఎవరైనా మీ దగ్గరకే వచ్చి, ఎక్కడికి వెళ్ళాలి సిస్టర్ అని అడిగితే ఏం చేస్తారు?”

దారి చూపించడం కూడా పాలుపంచుకోవడమేనని నా విశ్వాసంలో ఉన్నవాళ్ళే కొందరు అంటారు. నేను అలా అనుకోను. నేను మౌనంగా ఉంటే ఆమె మనసు మారదు, వారాలు గడుస్తాయి. గర్భం పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల సమాఖ్య ఫిగో కూడా, తాను చేయనన్న డాక్టరు చేసేవారి దగ్గరకు పంపాలనే చెబుతుంది. “ఎవరిని కలవాలో అప్పుడే చెబుతాను, నీతులు చెప్పను” అన్నాను. ఆయన తలూపి కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు అబార్షన్‌కు వచ్చినవాళ్ళను నేను చేర్చుకుంటాను, బీపీ చూస్తాను, నొప్పికి మందు ఇస్తాను, తర్వాత రక్తస్రావం గమనిస్తాను. ఏడిస్తే పక్కన కూర్చుంటాను. మాత్రలు, థియేటర్ పని వేరే సిస్టర్లు చూసుకుంటారు. ఆ బరువు వాళ్ళ మీద పడుతోందన్నది నిజం. ఒకామె మొహం మీదే అడిగింది, “మీ మనస్సాక్షికి మేము డ్యూటీ చేయాలా అక్కా?” అని. న్యాయమైన ప్రశ్నే. అందుకే పండుగ రోజుల రాత్రి షిఫ్టులు నేనే అడిగి వేయించుకుంటున్నాను. ఆమె కోపం పూర్తిగా పోలేదు.

రాత్రిళ్ళు వార్డులో ఇద్దరమే ఉంటాం. ఇటీవల మరో సిస్టర్ కూడా మినహాయింపుకు దరఖాస్తు పెట్టింది. మా ఇద్దరినీ ఒకే రాత్రి వేయవద్దని సూపరింటెండెంట్ గారికి నేనే రాసి ఇచ్చాను.