గోళ్ల సందుల్ల గమ్ము

పన్నెండు కావొస్తున్నది. చిన్నోడు పడుకున్నడు. నాకే నిద్ర వస్తలేదు.

పొద్దున దేవరకొండకు పోతుంటే కారు ఆపిండ్రు. అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉన్నది వెనక డోర్లకే, వెలుతురు పడని మా చిన్నోని కోసం. కంటి డాక్టర్ రాసిచ్చిన చీటీ ఇచ్చిన. ఆ పోలీసాయన మడత కూడ విప్పలే. "గివన్నీ నడవయమ్మా" అనుకుంట అద్దం మూలకు బ్లేడు పెట్టి లాగిండు. సగం సర్రుమని వచ్చింది, మిగిలింది చినిగి పేలికలాయె. అవి మేమే గోళ్లతోని గీకినం. అంతసేపు వాడు మోకాళ్ల సందుల తల పెట్టుకున్నడు. చలాన్ రాసిండని కాదు నా బాధ. చీటీ చదవలే, వాని దిక్కు చూడలే. మనకు వెలుతురు కంటిపాపల నుంచే పోతది. వానికి చుట్టున్న పొరల రంగు లేదు కాబట్టి అక్కడి నుంచి కూడ జొరబడుతది. నల్లద్దాలు పెట్టినా పక్కల నుంచి కొడతది.

ఎనిమిది నెలలప్పుడు అమ్మ వాణ్ణి పత్తి చేన్లకు ఎత్తుకపోయింది. చేనంత విచ్చి తెల్లగ మెరుస్తున్నది. వాడు కండ్లు గట్టిగ మూసి ఒకటే ఏడుపు. కూలికొచ్చినోళ్లు తలా ఒక మాట, దిష్టి అని ఒకరు, చూపే లేదని ఒకరు. అమ్మ ఏం మాట్లాడలే. నీలం చీర కొంగు వాని మీద కప్పి గట్టు మీద కూసున్నది. ఏడుపు ఆగింది. నేను కొంగు కిందికి తల పెట్టి చూస్తే కండ్లు ఇంతింత తెరిచి, అమ్మ గాజుల దిక్కు చూస్తున్నడు. అట్ల కండ్లు తెరవంగ చూసుడు నాకు అదే మొదలు.

మా ఆయన రాత్రి రూల్సన్నీ చదివిండు. ముందు వెనక అద్దాల నుంచి 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు రావాలె. 2012 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు ఫిల్మే వద్దన్నది. 2024ల కేరళ హైకోర్టు ఆ శాతాలకు లోబడితే పర్వాలేదన్నది గానీ, చిన్నోనికి 50 శాతం వెలుతురు కూడ ఎక్కువే.

ఇది రాస్తుంటే డిగ్రీ రోజులు యాదికొస్తున్నయి. నల్గొండల క్లాసులు అయినంక నడిచి వస్తుంటే, నల్లద్దాల కారొకటి రెండు రోజులు నా వెనకనే మెల్లగ వచ్చింది. లోపల ఒకడున్నడా నలుగురున్నరా తెలియదు. బాపుకు కూడ చెప్పలే. అప్పటి నా అసొంటి పిల్లకు ఈ రూలు కావాలె. పోలీసాయనకు బిడ్డ ఉంటే ఆయనకు కూడ కావాలె.

అయినా చీటీ చదవొచ్చు గదా. మా మరిది ఉండే న్యూయార్క్‌ల కూడ 70 శాతం వెలుతురు రావాలె. కానీ కంటిజబ్బుతోని వెలుతురు పడనోళ్లకు డాక్టర్ రాసిస్తే అక్కడి సర్కారు మినహాయింపు ఇస్తది. మన సుప్రీంకోర్టు తీర్పుల జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నోళ్లకు దారి పెట్టిండ్రు. వీని కంటికి కూడ ఒక కాయితం ఉండాలె.

పడుకునే ముందు వాడు నా చెయ్యి ముక్కు దాక తెచ్చుకుని గోళ్లు చూసిండు. "అమ్మా, గీ నల్లది పోతదా?" అన్నడు. కొబ్బరినూనె పెడితే పోతది అన్న. తనే సీసా తెచ్చిండు.