బ్రాంక్స్ నదిలో తెడ్డేసి, ఒడ్డున కలుపు పీకి వచ్చాను

న్యూయార్క్ వెళ్లినవాళ్లు టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం, బ్రూక్లిన్ బ్రిడ్జి చూసుకుని వస్తారు. అవన్నీ నేనూ చూశాను, బాగున్నాయి. కానీ ఆ ట్రిప్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం నగరం ఉత్తర భాగమైన బ్రాంక్స్ గుండా పారే బ్రాంక్స్ నది. ఆ నగరంలో ఉన్న ఒకే ఒక్క మంచినీటి నది అది. ఈస్ట్ రివర్ పేరుకే నది, నిజానికి సముద్రపు పాయ. హడ్సన్‌లోకేమో సముద్రం ఆటుపోట్లతో చొచ్చుకొస్తుంది. బ్రాంక్స్ నది ఉత్తరాన వెస్ట్‌చెస్టర్ కౌంటీలో పుట్టి, ఇరవై మైళ్ల పైచిలుకు పారి, సౌండ్‌వ్యూ, హంట్స్ పాయింట్ పేటల మధ్య ఈస్ట్ రివర్‌లో కలుస్తుంది.

"అక్కా, బ్రాంక్స్‌కా? అక్కడ చూడ్డానికేముంది?" అన్నాడు మా తమ్ముడు. ఏళ్ల తరబడి న్యూజెర్సీలో ఉంటున్నాడు కానీ అటువైపు ఎప్పుడూ వెళ్లలేదు. అయినా శనివారం పొద్దున్నే నాతో బయల్దేరాడు.

6 నంబరు రైలెక్కి విట్‌లాక్ అవెన్యూ స్టేషన్‌లో దిగాం. అక్కడ పట్టాలు వంతెన మీద ఎత్తుగా వెళ్తాయి కాబట్టి ప్లాట్‌ఫాం మీంచే నది కనబడుతుంది, దాని పక్కన పాత కాంక్రీట్ ఫ్యాక్టరీ సైలోలు (సరుకు నిల్వచేసే ఎత్తైన గాదెలు) కూడా. 1987 దాకా అక్కడ కాంక్రీట్ కలిపేవాళ్లు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ స్థలం పాడుబడిపోతే, చుట్టుపక్కల పేటల కుర్రాళ్లూ సంఘాలూ ఏళ్ల తరబడి పోరాడి దాన్ని పార్కుగా సాధించుకున్నారు. 2009లో తెరిచిన ఆ కాంక్రీట్ ప్లాంట్ పార్కులో సైలోల్ని కూల్చకుండా రంగేసి అలాగే ఉంచడం నాకెంతో నచ్చింది, ఎందుకంటే ఈ ఒడ్డుని ఇంతకాలం దేనికి వాడారో వచ్చినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

అక్కడే ఫుడ్‌వే అని ఒక తోట ఉంది, 2017లో మొదలుపెట్టారు. న్యూయార్క్ పార్కుల్లో మొక్కల నుంచి ఆకు గానీ కాయ గానీ తెంపకూడదు, అది రూలు. ఈ తోటలో మాత్రం తెంపుకోవచ్చు, తినొచ్చు, ఇంటికీ తీసుకెళ్లొచ్చు. ఒకావిడ మనవరాలిని వెంటేసుకుని ఏదో ఆకు కోస్తోంది. "వేర్లతో సహా పీకకు, ఇక్కడిదాకా తుంచు, మళ్లీ చిగురేస్తుంది" అని పిల్లకి చూపిస్తోంది. ఆ తోటని కాపాడుతున్నది అక్కడి బోర్డు కంటే ఎక్కువగా ఆవిడే అనిపించింది నాకు.

అక్కణ్నుంచి నడుచుకుంటూ హంట్స్ పాయింట్ వైపు వెళ్లాం. దారి అందంగా ఏం ఉండదు, ముందే చెబుతున్నాను. నగరానికి కూరగాయలూ మాంసం సరఫరా చేసే పెద్ద టోకు మార్కెట్ అక్కడే ఉంది కాబట్టి లారీల మీద లారీలు, తుక్కు ఇనుము యార్డులు, డీజిల్ పొగ. వీటన్నిటి మధ్యలోంచి ఉన్నట్టుండి చిన్న పార్కు వస్తుంది, హంట్స్ పాయింట్ రివర్‌సైడ్ పార్కు. మజోరా కార్టర్ అని ఆ పేటలోనే పుట్టి పెరిగినావిడ, 1990ల చివర్లో కుక్కతో జాగింగ్ చేస్తుంటే, ఆ కుక్క ఆవిణ్ని చెత్తకుప్పల్లోకి లాక్కెళ్లిందట. కుప్పలు దాటితే నది. అక్కడే పుట్టి పెరిగిన మనిషికి తమ వీధి చివర నీళ్ల దగ్గరికి వెళ్లే దారి ఉందని అప్పుడే తెలిసింది! అటవీ శాఖ ఇచ్చిన 10,000 డాలర్ల చిన్న గ్రాంటుతో మొదలుపెట్టి, జనాన్ని కూడగట్టి, ఆ చెత్త దిబ్బని పార్కు చేయించారు.

పార్కు పక్కనే రాకింగ్ ది బోట్ అనే సంస్థ ఉంది. ఆ పేట హైస్కూలు పిల్లలు అక్కడ చెక్కతో పడవలు తయారుచేస్తారు. వేసవిలో వారాంతాల్లో ఆ పడవల్లో ఎవరైనా ఉచితంగా నదిలోకి వెళ్లొచ్చు. లైఫ్ జాకెట్ వేసి, పదహారు పదిహేడేళ్లుండే ఒక అమ్మాయి మమ్మల్ని పడవ ఎక్కించింది. ఆమె చుక్కాని దగ్గర, మేమిద్దరం తెడ్ల దగ్గర. వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవాలి, అందుకని ఎటు పోతున్నామో మనకి తెలియదు, ఆ అమ్మాయి చెప్పినట్టు వెయ్యడమే. "తెడ్డు మరీ లోతుకి దించొద్దు, చివరి వెడల్పు భాగం మునిగితే చాలు. చేతులతో కాదు, వెనక్కి వాలుతూ లాగండి" అంది. కాసేపటికి ఇద్దరి తెడ్లూ ఒకేసారి పడ్డాయి, పడవ సర్రున కదిలింది. నేను పట్టుకున్న తెడ్డు దగ్గర చెక్క అరచేతికి నున్నగా తగులుతోంది. మీరు చేసిన పడవేనా అని అడిగితే, "ఇది కాదు, అది" అని పక్క పడవ చూపించి, దాని పక్కచెక్కల్ని ఆవిరి పట్టి ఎలా వంచారో మేం ఒడ్డుకొచ్చేదాకా చెబుతూనే ఉంది.

ఆటు సమయం కావడంతో ఒడ్డున బురద తేలింది. ఒక తెల్ల కొంగ, చెక్క గుంజల మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు, అవతల ఒడ్డున ఇనుప తుక్కు గుట్ట, బురదలో సగం కూరుకున్న టైరు, అన్నీ ఒకే చూపులో కనబడ్డాయి. ఆ పిల్లలు పడవలు చేయడం, నడపడంతో ఆగరు. నీళ్ల నాణ్యత పరీక్షిస్తారు, నది మొగ దగ్గర ఆయిస్టర్లని తిరిగి పెంచే పనిలోనూ చెయ్యేస్తారు. ఊళ్లో చాలాచోట్ల వాననీళ్లకీ మురుగునీళ్లకీ ఒకే పైపు. గట్టి వాన పడితే ఆ పైపులు నిండి, మురుగు శుద్ధి కాకుండానే నదిలోకి వచ్చేస్తుంది. ఇది చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతులో కోపం స్పష్టంగా వినబడింది. నాకూ కోపం వచ్చింది. తను రోజూ తెడ్డేసే నీళ్లలోకి మురుగు వదిలితే ఆ పిల్ల ఎలా ఊరుకుంటుంది? నదికి కంచె కట్టి జనాన్ని దూరం పెడితే, దాని కోసం ఇంత కోపం తెచ్చుకునేవాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు?

మర్నాడు పైకి, షూలేస్ పార్కుకి వెళ్లాం. ఇది నది వెంబడే సన్నగా పొడుగ్గా సాగే పార్కు, 219వ వీధి దగ్గర కెనూలు (సన్నటి చిన్న పడవలు) దించే చోటు ఉంది. ఆ రోజు వాలంటీర్ల పని జపనీస్ నాట్‌వీడ్ తవ్వడం. చూడ్డానికి వెదురులా కణుపులు కణుపులుగా ఉంటుంది, లోపల బోలు, ఎర్రటి మచ్చలు. కాండం విరిస్తే టప్పున చప్పుడు. వేరు ముక్క వేలెడంత మిగిలినా మళ్లీ మొలుస్తుంది, అందుకే తవ్విందంతా విడిగా సంచుల్లో కట్టి పంపాలి, కంపోస్టులో వేయకూడదు. తమ్ముడు ఒక్క దుబ్బు దగ్గరే చాలాసేపు కూర్చుని, చివరికి మోచేయంత వేరు బయటికి లాగి అందరికీ చూపించాడు.

నాతో పాటు తవ్వుతున్న పెద్దాయనకి ఆ నది పాత రోజులన్నీ గుర్తే. కార్లు, ఫ్రిజ్‌లు, టైర్లతో నది నిండిపోయి ఉండేదట. 1974లో రూత్ ఆండర్‌బర్గ్ అనే ఆవిడ ముందుకొచ్చి శుభ్రం చేయడం మొదలుపెట్టారు. 2001లో బ్రాంక్స్ రివర్ అలయన్స్ ఏర్పడి, పార్కుల శాఖతో కలిసి ఆ పనిని నిలకడగా నడిపిస్తోంది. 2006లో ఏల్‌వైఫ్ అనే హెర్రింగ్ జాతి చేపల్ని కనెక్టికట్ నుంచి తెచ్చి వదిలారు. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కే చేప అది. దారిలో డ్యాములు అడ్డం కాబట్టి 182వ వీధి డ్యాము దగ్గర చేపలు ఎక్కడానికి మెట్ల లాంటి దారి కట్టారు. ఇక 2007లో బీవర్ (చెట్లు కొరికి నీళ్లకి అడ్డుకట్టలు కట్టే జంతువు) కనబడింది, ఆ నగరంలో 200 ఏళ్లకి పైగా జాడే లేని జంతువు! నది కోసం నిధులు తెచ్చిన అప్పటి కాంగ్రెస్ సభ్యుడు హోసే సెరానో పేరు మీద దానికీ హోసే అని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి చెబుతూ పెద్దాయన పార పక్కన పెట్టేశారు, ఇంట్లో మనవడు పుట్టిన కబురు చెబుతున్నంత సంబరం ఆయన మొహంలో.

"మొదట్లో జనం పనికి వచ్చేవాళ్లు కాదు. కెనూలు దించాం, అప్పుడు వచ్చారు" అన్నారాయన. ఆయన కూడా అలా కెనూ ఎక్కడానికి వచ్చి ఉండిపోయినవాడే.

మీరు వెళ్తే వేసవి వారాంతం చూసుకోండి. ముందు రోజు పెద్ద వాన పడితే పడవలు నడుపుతున్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. వేళల కోసం రాకింగ్ ది బోట్, బ్రాంక్స్ రివర్ అలయన్స్ వెబ్‌సైట్లు చూడండి. తడిసినా ఫరవాలేదనుకునే బూట్లు వేసుకోండి. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి. పడవ ఒక్కటే ఎక్కి వచ్చేయకుండా, వాలంటీర్లు పనిచేసే రోజు కూడా కలిసొచ్చేలా ప్లాన్ చేసుకోండి, చేతి తొడుగులూ పారలూ వాళ్లే ఇస్తారు.