కొత్తూరైనా కొత్తవలసైనా: బిట్‌కాయిన్ కోర్‌లో పని చెయ్యాలనుకునేవాళ్లకి

బిట్‌కాయిన్ అనగానే మన వైపు మొదట వచ్చే ప్రశ్న "ఏటి బాబూ, డబ్బులొస్తాయా దీంట్లో?" అనే. ఆ ప్రశ్నకి జవాబు కావాల్సినవాళ్లు ఈ పోస్టు వదిలెయ్యొచ్చు. సివిలో మెకానికలో చదివినా, బీకాంతో ఆపేసినా, సొంతంగా పైథాన్ నేర్చుకుని ఇప్పుడు ఓపెన్ సోర్సులో అసలైన పని చూడాలనుకుంటున్న శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం ఇది. బిట్‌కాయిన్ నెట్‌వర్కుని నడిపే ముఖ్యమైన సాఫ్ట్‌వేరు పేరు బిట్‌కాయిన్ కోర్. దాని కోడంతా ఎంఐటీ లైసెన్సు కింద (ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చు) గిట్‌హబ్‌లో ఉంది. మార్పు పంపేవాణ్ణి డిగ్రీ అడగరు, అసలు పేరు కూడా అడగరు. ఒక్క కాయినైనా కొనక్కర్లేదు. కాకపోతే లోపలికి వెళ్లే దారి చాలామంది అనుకున్న వైపు ఉండదు: కొత్త కోడు రాసి పంపడం తర్వాతి సంగతి, ముందు ఇంకొకరు రాసిందాన్ని పరీక్షించాలి.

యంత్రం సంగతి త్వరగా చెప్పేస్తాను. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. విండోస్ తీసెయ్యలేకపోతే దాని లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు వేసుకోండి, కానీ కోడుని సీ డ్రైవులో పెట్టకండి. లినక్స్ హోమ్ ఫోల్డరులోనే ఉంచాలి, లేదంటే ప్రతి ఫైలూ రెండు వ్యవస్థల మధ్య తిరిగి బిల్డు (కోడుని నడిచే ప్రోగ్రాంగా మార్చడం) నత్తనడక నడుస్తుంది. సీ++ కంపైలరు, సీమేక్, బూస్ట్, లిబ్‌ఈవెంట్, వాలెట్ కోసం ఎస్‌క్యూలైట్, ఇవి ఉంటే సరి. బొమ్మల విండో అక్కర్లేదు కాబట్టి క్యూటీ జోలికి పోకండి. పాత ట్యుటోరియల్స్ చూసి ఆటోజెన్, కాన్ఫిగర్ అని కొడితే అలాంటి ఫైలే లేదంటుంది. 29వ వెర్షన్‌తో ఆటోటూల్స్ అనే పాత బిల్డు పద్ధతి తీసేసి సీమేక్‌కి మారారు. 30 నుంచి కాప్‌న్ ప్రోటో అనే లైబ్రరీ కూడా అడుగుతుంది. అది లేక ఆగిపోతే, దాన్ని వాడే ఐపీసీ ఆప్షన్ ఆఫ్ చేసి మళ్లీ నడపండి.

బిల్డు మధ్యలో "కిల్డ్" అన్న ఒక్క మాట చూపించి ఆగిపోతే కోడులో తప్పు వెతకొద్దు. మెమరీ చాలక కెర్నలే కంపైలర్ని ఆపేసిందన్నమాట. ఒకేసారి ఎన్ని ఫైళ్లు కంపైల్ చెయ్యాలో చెప్పే జే అంకెను ప్రాసెసర్ కోర్లు చూసి కాకుండా ర్యామ్ చూసి పెట్టండి: ఒక్కో పనికి రెండు జీబీ లెక్కన 8 జీబీ ఉంటే 3, 4 జీబీ ఉంటే 1. సీక్యాష్ తప్పకుండా వేసుకోండి. రోజుకి పది బ్రాంచులు మారే పని ఇది. సీక్యాష్ ఉంటే మారిన ఫైళ్లే మళ్లీ కంపైల్ అవుతాయి.

బిల్డు అయ్యాక అసలు నెట్‌వర్కులోకి పోకుండా రెగ్‌టెస్ట్‌లో మొదలెట్టండి. అది మీ ల్యాప్‌టాప్‌లోనే నడిచే సొంత బ్లాక్‌చెయిన్, ఇంటర్నెట్ అక్కర్లేదు, బ్లాకులు (లావాదేవీల కట్టలు) మీరు అడిగినప్పుడే పుడతాయి. ఇక్కడ కొత్తవాళ్లు మూడు చోట్ల తట్టుకుంటారు. ఒకటి, వాలెట్ దానంతటది రాదు, ముందు క్రియేట్‌వాలెట్ కొట్టాలి. రెండు, ఒక బ్లాకు తవ్వి (మైనింగ్ చేసి) 50 కాయిన్లు వచ్చాయని పంపబోతే బ్యాలెన్సు సున్నా అంటుంది. తవ్విన కాయిన్ ఖర్చుకి రావాలంటే దాని మీద ఇంకో 100 బ్లాకులు పడాలి, అందుకే అందరి స్క్రిప్టుల్లోనూ 101 కనబడుతుంది. మూడు, పంపబోతే ఫీజు అంచనా కుదరలేదని తిట్టి ఆగిపోతుంది. ఖాళీ చెయిన్‌లో ఫీజుల చరిత్ర లేదు కదా, కాన్ఫిగ్ ఫైలులో ఫాల్‌బ్యాక్‌ఫీ 0.0001 అని ఇస్తే పోతుంది. ఇంకో చిన్న సంగతి: రెగ్‌టెస్ట్‌లో 150 బ్లాకులకోసారి బ్లాకు తవ్వితే వచ్చే బహుమతి సగమవుతుంది. వేల బ్లాకులు తవ్వి "కాయిన్లు రావట్లేదేంటి" అని బుర్ర గోక్కోకండి.

ఇక అసలు పని, టెస్టులు. యూనిట్ టెస్టులు సీ++‌లో ఉంటాయి. ఫంక్షనల్ టెస్టులు మాత్రం పైథాన్‌లో ఉంటాయి, ఒక్కో టెస్టు రెండు మూడు నోడ్లు (విడివిడిగా నడిచే బిట్‌కాయిన్ కోర్‌లు) లేపి వాటి మధ్య నాటకం ఆడిస్తుంది. సీ++ రాని పైథాన్ మనిషికి ఇదే వీధి గుమ్మం. టెస్టులు మొత్తం పాసవ్వాల్సిన చోట వరసగా ఫెయిలవుతుంటే, ముందు పాత బిట్‌కాయిన్‌డీ (నోడుని నడిపే ప్రోగ్రాం) ప్రాసెసు వెనకాల ఇంకా నడుస్తోందేమో చూడండి. కంట్రోల్-సీ కొట్టి ఆపిన టెస్టు వెనక నోడు మిగిలిపోతే, అది పోర్టు పట్టుకుని కూర్చుంటుంది. టెస్టు ఫోల్డరుని ర్యామ్‌లో పెడితే, అంటే టీఎంపీఎఫ్ఎస్ మీద నడిపితే, డిస్కు నెమ్మదిగా ఉన్న యంత్రంలో తేడా బాగా తెలుస్తుంది. "స్కిప్డ్" అని వచ్చినవి పాసయినట్టు కాదు. పైథాన్ జీరోఎంక్యూ లైబ్రరీ లేకపోయినా, పాత రిలీజులు డౌన్‌లోడు చేసి పెట్టుకోకపోయినా కొన్ని టెస్టులు అసలు నడవవు.

రివ్యూ అంటే కోడు చదివి "బాగుంది" అని రాయడం అనుకుంటారు. ఆ మాటకి అక్కడ విలువ లేదు. ఒక పుల్ రిక్వెస్టు (కలపమని ఎవరో పంపిన మార్పు) ఎంచుకుని మీ యంత్రంలోకి దించుకోండి, బిల్డు చెయ్యండి, దానితో వచ్చిన టెస్టు నడపండి. పాసవుతుంది. ఇప్పుడు కొత్తగా కలిపిన కోడులో ఒక లైను మీరే చెడగొట్టండి: "కంటే తక్కువ" ఉన్న చోట "తక్కువ లేదా సమానం" చెయ్యండి, ఒక షరతు తీసెయ్యండి, మళ్లీ బిల్డు చేసి అదే టెస్టు నడపండి. ఫెయిలైతే టెస్టు తన పని చేస్తోంది. చెడగొట్టాక కూడా పాసయిందంటే ఆ లైనుని ఏ టెస్టూ కాపాడట్లేదు, మీకు రాయడానికి నిజమైన వ్యాఖ్య దొరికింది. ఏ కమిట్ (గిట్‌లో భద్రపరిచిన మార్పు) మీద, ఏ ఆపరేటింగ్ సిస్టంలో, ఏం మార్చి, ఏం చూశారో నాలుగు లైన్లలో రాయండి. ఆలోచన నచ్చితే "కాన్సెప్ట్ ఆక్" (ఆక్ అంటే ఒప్పుకోలు), నడిపి చూశాక కమిట్ హాష్‌తో "టెస్టెడ్ ఆక్" అంటారు. అర్థం కాని చోట ప్రశ్న అడగడంలో నామోషీ ఏమీ లేదు. మంచి ప్రశ్నకి రచయిత కోడులో కామెంటు కలిపిన సందర్భాలు బోలెడు. ఇలాంటి మార్పుల్ని కలిసి చర్చించే పీఆర్ (పుల్ రిక్వెస్టు) రివ్యూ క్లబ్ పాత చర్చల చిట్టాలన్నీ తెరిచే ఉన్నాయి, ఒక్కో మార్పుకి నోట్సు, ప్రశ్నలు, జవాబులతో. ఏ పెయిడ్ కోర్సుకన్నా అవి మేలని నా ఉద్దేశం.

అక్షర దోషం దిద్ది మొదటి పుల్ రిక్వెస్టు పెట్టాలని చాలామందికి సరదా. బిట్‌కాయిన్ కోర్‌లో అది చెల్లదు. ప్రయోజనం తేలని చిన్న మార్పులూ, కోడుని అటూ ఇటూ సర్దే మార్పులూ వెంటనే మూసెయ్యొచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. రివ్యూలో మీకు దొరికిన ఆ కాపలా లేని లైనుకి టెస్టు రాయండి, అదే మీ మొదటి పుల్ రిక్వెస్టు. కమిట్ పేరు ముందు "టెస్ట్:" అని పెట్టండి. సవరణలు అడిగినప్పుడు కొత్త కమిట్లు పేర్చకుండా పాతదాంట్లోనే కలిపి మళ్లీ పుష్ చెయ్యండి. నెలల తరబడి ఎవరూ చూడకపోవడం అక్కడ మామూలే. రాసేవాళ్లు ఎక్కువ, చూసేవాళ్లు తక్కువ. రివ్యూ చేసేవాళ్ల పేర్లు గుర్తుండిపోయేది అందుకే.

పూర్తి నోడు (అసలు చెయిన్ మొత్తం దించుకుని సరిచూసేది) నడపడం ఈ పనికి తప్పనిసరి కాదు, కానీ నడిపితే నేర్చుకునేది చాలా ఉంది. చెయిన్ మొత్తం 700 జీబీ దరిదాపుల్లో ఉంది, ఏడాదికి ఇంకో 80, 90 జీబీ పెరుగుతోంది. కొత్తగా కొనేటట్టయితే 2 టీబీ ఎస్ఎస్‌డీ కొనండి. మామూలు హార్డ్ డిస్కు మీద మాత్రం వద్దు, ఖర్చుకాని కాయిన్ల పట్టికలో చిన్న చిన్న వెతుకులాటలు కోట్లలో ఉంటాయి, తిరిగే డిస్కు వాటికి అందుకోలేదు. ప్రూన్ 550 అని పెడితే డిస్కులో 550 ఎంబీ బ్లాకులు మిగిల్చి పాతవి చెరిపేస్తుంది. అయితే ప్రూన్ పెట్టినా మొదట అంతా డౌన్‌లోడు చెయ్యాల్సిందే. రోజుకి 2 జీబీ ఫోను ప్యాకుతో అది ఏడాది పని. ఫైబర్ కనెక్షన్ కావాలి, నెలకి ఎఫ్‌యూపీ (పూర్తి వేగంతో ఇచ్చే డేటా పరిమితి) ఎంతో ముందే చూసుకోవాలి. మొదటి సింకు (చెయిన్ అంతా దించుకుని సరిచూడటం) జరుగుతున్నప్పుడు డీబీక్యాష్‌ని, అంటే నోడు పట్టికకి వాడుకునే మెమరీని, 3000 ఎంబీకి పెంచండి (8 జీబీ యంత్రానికి), సింకయ్యాక తగ్గించెయ్యండి. ఇంటర్నెట్ కంపెనీలు చాలా ఇళ్లకి ఒకే ఐపీ పంచుతాయి కాబట్టి బిట్‌కాయిన్ వాడే 8333 పోర్టు తెరిచినా బయటివాళ్లు మీ నోడుకి రాలేరు. దానికి కంగారు పడక్కర్లేదు, మీ నోడే బయటికి పది కనెక్షన్లు పెట్టుకుని ప్రతి బ్లాకునీ పూర్తిగా సరిచూస్తుంది.

మన జిల్లాల్లో నోడుకి అసలు శత్రువు కరెంటు. స్టాప్ కమాండ్ ఇచ్చి, లాగ్ ఫైలులో "షట్‌డౌన్ డన్" అన్న మాట పడేదాకా ఆగాలి. డీబీక్యాష్ పెద్దదైతే ఆ రాత ముగియడానికి నిమిషాలు పడుతుంది. అంతలో కరెంటు పోతే మెమరీలో ఉన్న పని పోతుంది, ఒక్కోసారి చెయిన్‌స్టేట్ (ఖర్చుకాని కాయిన్ల పట్టిక) డేటాబేసే చెడుతుంది. పూర్తి చెయిన్ ఉన్నవాళ్లు రీఇండెక్స్-చెయిన్‌స్టేట్ ఇస్తే డిస్కులోని బ్లాకుల నుంచే మళ్లీ కట్టుకుంటుంది. ప్రూన్ పెట్టినవాళ్లకి ఆ దారి లేదు. పూర్తి రీఇండెక్స్ ఒక్కటే గతి, అంటే పాత బ్లాకులు లేవు కాబట్టి డౌన్‌లోడు మళ్లీ మొదటి నుంచి. డిస్కు మిగిలింది కదా అని ప్రూన్ పెట్టేముందు ఈ ముక్క గుర్తుంచుకోండి. బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌కన్నా నయం, దాని యూపీఎస్ దాంట్లోనే ఉంది. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ వేరే పెట్టండి. తుఫాను హెచ్చరిక వస్తే నోడు ఆపి, ప్లగ్గులు పీకి, డిస్కు ఎత్తున పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో స్తంభాలు ఎలా పడిపోయాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇన్వర్టరు గంటల్ని ఆదుకుంటుంది, వారాల్ని కాదు.

కోడు రాయడం మొదలెట్టాక డబ్బుని ఎప్పుడూ దశాంశాల్లో పెట్టకండి. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు, లెక్కంతా పూర్ణాంకాల్లో ఉండాలి. పూర్ణాంకాలతో కూడా పొంగే (ఇచ్చిన చోటులో అంకె పట్టక తప్పుగా మారే) ప్రమాదం ఉంది. 2010 ఆగస్టు 15న 74638వ బ్లాకులో రెండు పెద్ద మొత్తాలు కలిపితే 64 బిట్లు పొంగి, 18,446 కోట్ల బిట్‌కాయిన్లు గాల్లోంచి పుట్టాయి. మొత్తం పుట్టాల్సినవే 2 కోట్ల 10 లక్షలు! గంటల్లో దిద్దారు. 2018లో బయటపడిన ఇంకో తప్పు, ఒకే ఇన్‌పుట్‌ని రెండుసార్లు వాడారా అన్న తనిఖీని వేగం కోసం తీసెయ్యడం వల్ల వచ్చింది. 0.16.3లో సరిచేశారు. కీలు (వాలెట్ రహస్య తాళాలు) తయారుచేసే కోడులో పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్ వాడొద్దు, సీక్రెట్స్ వాడండి. లిబ్‌బిట్‌కాయిన్ అనే ఓపెన్ సోర్సు ప్రాజెక్టు వాళ్ల ఒక టూలు 32 బిట్ల యాదృచ్ఛికతతోనే సీడ్లు (వాలెట్ కీలన్నిటికీ మూలమైన అంకెలు) ఇచ్చేదని 2023లో తేలింది. 32 బిట్లంటే 429 కోట్ల అవకాశాలే, మామూలు కంప్యూటరు అన్నీ వెతికేస్తుంది. దొంగలు అదే చేశారు.

చేతిలో కాస్త పని కనబడగానే లింక్డ్‌ఇన్‌లో "క్రిప్టో కంపెనీ" ఉద్యోగాలు తలుపు తడతాయి. ఒక రిపాజిటరీ పంపి, నడిపి చూసి బగ్ దిద్దమంటారు. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (జావాస్క్రిప్టు లైబ్రరీలు దించే కమాండు) కొట్టిన క్షణమే అందులోని స్క్రిప్టు మీ బ్రౌజరు పాస్‌వర్డులూ వాలెట్ ఫైళ్లూ ఎత్తుకుపోతుంది. ఆ స్క్రిప్టుల్ని ఆపే ఇగ్నోర్-స్క్రిప్ట్స్ ఆప్షన్ పెట్టినా, తర్వాత ప్రోగ్రాం నడిపితే అదే జరుగుతుంది. ఎవరు పంపిన కోడైనా సరే విడి వర్చువల్ మెషీన్లోనే నడపండి. కోడు రాసే యంత్రంలో డబ్బున్న వాలెట్ ఉండకూడదు.

నిజమైన డబ్బు రావడానికి బ్రింక్, ఓపెన్‌శాట్స్ లాంటి సంస్థల గ్రాంట్లు, విద్యార్థులకి సమ్మర్ ఆఫ్ బిట్‌కాయిన్ ఉన్నాయి. అడగక ముందే గిట్‌హబ్‌లో కనబడే పనే అక్కడ దరఖాస్తు. బ్యాంకులోకి డాలర్లుగా తీసుకునే వీలుంటే అదే మేలు. విదేశీ డబ్బు దేనికొచ్చిందో బ్యాంకుకి చెప్పే పర్పస్ కోడ్ సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802, బ్యాంకు ఇచ్చే విదేశీ చెల్లింపు పత్రం దాచుకోండి. బిట్‌కాయిన్‌లో తీసుకుంటే లెక్క మెలిక పడుతుంది. లక్ష రూపాయల విలువున్న రోజు మీకు అందిందనుకోండి, ఆ లక్ష మీ పని ఆదాయం, శ్లాబు ప్రకారం పన్ను. ధర పడ్డాక 80 వేలకి అమ్మితే ఆ 20 వేల నష్టాన్ని దేంట్లోనూ సర్దుకోనివ్వరు. పెరిగి అమ్మితే లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కొన్న ఖర్చు తప్ప కరెంటు బిల్లూ డిస్కు ఖరీదూ ఏవీ తగ్గించరు. ఇది 1961 చట్టంలో 115బీబీహెచ్, 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. 194ఎస్ కింద ఎక్స్‌ఛేంజి 1 శాతం టీడీఎస్ కోస్తుంది, రిటర్నులో రాబట్టుకోవచ్చు. ఈ సెక్షన్ నంబర్లు పాత చట్టంవి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం కాబట్టి దాంట్లో నంబర్లు వేరు. అందుకున్న తేదీ, ఆ రోజు రూపాయి ధర, ట్రాన్సాక్షన్ ఐడీ, ఈ మూడూ ఒక షీట్లో ఎప్పటికప్పుడు ఎక్కించండి. మార్చిలో ఆడిటరు మొదట అడిగేది ఆ షీటే.