డూప్లికేట్ రాయలవారు

పదకొండున్నర దాటింది. పిండి రుబ్బేశాను, గిన్నెలు కడిగేశాను, మా ఆయన గురక కూడా మొదలైంది. నాకు మాత్రం నిద్ర రావడం లేదు. కారణం బావ. అవును, మళ్లీ బావే.

వారం నుంచి చిన్నోడి పోరు పడలేక ఈరోజు చంద్రగిరి కోటకు పోయాం. తిరుపతికి ఇంత దగ్గర్లో ఉన్నా, ఇంటికి చుట్టాలొస్తే తప్ప ఎవరం అటు తొంగిచూడం. శుక్రవారం మ్యూజియం మూస్తారని తెలియక పోయినేడు గేటు దాకా పోయి తిరిగొచ్చిన ఘనత కూడా మాదే. ఆరోజు ఎవరి మీద ఎవరు అరిచారో వదిలేస్తున్నా. ఈసారి అక్కా బావా కూడా వచ్చారు. బావ వస్తే కారులో ఏసీ ఉంటుంది, ప్రశాంతత ఉండదు.

కోటలో మ్యూజియం ఉండేది రాజమహల్లో. అక్కడ కృష్ణదేవరాయల విగ్రహం ఉంది, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి, ముగ్గురూ చేతులు జోడించుకుని. చిన్నోడు దాని ముందు నిలబడి ఆ పొడుగు కుళ్లాయిని, అదే టోపీని, చూసి ముందు నవ్వాడు. తర్వాత ఏమనుకున్నాడో, వాడూ అట్లానే చేతులు జోడించి కదలకుండా నిలబడ్డాడు. వాడు కదలకుండా నిలబడటం మా ఇంట్లో ఎంత అరుదో వేరే చెప్పాలా. ఫోన్ తీసి ఫోటో తీద్దామనుకునే లోపల అడిగాడు.

“పెదనాన్నా, రాయలు నిజంగా ఇట్లానే ఉండేవాడా?”

బావ ఫోన్లోంచి తల ఎత్తకుండా, “ఇది డూప్లికేట్ రా. ఒరిజినల్ పైన, కొండ మీద ఉంది” అన్నాడు.

అంతే. వాడు చేతులు దించేశాడు. “అయితే పడవెక్కుదాం పాండి” అని బయట చెరువు వైపు లాగడం మొదలుపెట్టాడు.

నాకు ఎంత మండిందంటే చెప్పలేను. నకలన్న మాట నిజమే, కాదనను. కానీ ఆ ఒరిజినల్‌ను చూసిన మహానుభావుడెవరు? తిరుమల గుడి మహాద్వారం దాటగానే కుడిచేతి పక్క మంటపంలో ఉంటుంది. మన చూపేమో ముందుకి, స్వామి వైపు. వెనక నుంచి తోపులాట, “జరగండి జరగండి” అని కేకలు. రాయలు తిరుమలకి ఏడుసార్లు వచ్చాడంటారు, మొదటిసారి 1513లో. ఆయనకంటే నేనే ఎక్కువసార్లు పోయుంటాను పైకి, ఒక్కసారి కూడా ఆయన మొహం నిమిషం సేపు చూసింది లేదు. చూడనిచ్చింది ఈ డూప్లికేటే. ఇదంతా బావతో అనాల్సింది. అనలేదు, వరుసగా ఇంత బాగా వచ్చింది కారెక్కాక. అప్పటికి నోట్లోంచి ఊడిపడిందేమో, “నీకన్నీ తొందరే బావా, పిల్లోణ్ణి ఒక్క నిమిషం చూడనిస్తే ఏం పోయింది” అని, అది కూడా అందరి ముందు గట్టిగా. అక్క మొహం మాడిపోయింది. మా ఆయన ఉన్నట్టుండి కప్పు వైపు చూడటం మొదలుపెట్టాడు. పులిహోర తిన్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. అప్పడాల చప్పుడొక్కటే.

ఇప్పుడు పడుకుంటే నాగార్జునకొండ గుర్తొస్తోంది. ఎందుకొస్తోందో నాకు తెలుసు, అందుకే లేచి కూర్చున్నా.

నాన్న మాచర్లలో పనిచేసిన రెండేళ్లలో ఒకసారి తీసుకుపోయాడు. నాకు ఎనిమిదేళ్లు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. చుట్టూ సముద్రమంత నీళ్లు, మధ్యలో దీవి. అది దీవి కాదనీ, కొండేననీ, డ్యామ్ కట్టాక చుట్టూ నీళ్లొచ్చి దీవి అయిందనీ నాన్న చెబుతూనే ఉన్నాడు. నేను బిస్కెట్ పొట్లం మీద ఉన్నా. నీళ్లొచ్చే లోపల, 1954 నుంచి 1960 దాకా, లోయంతా తవ్వి ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని బయటికి తీశారట. కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీదికి, ఇంకొన్నింటిని గట్టున అనుపుకి మార్చి మళ్లీ కట్టారు. కొండ మీద మ్యూజియం. లోపల లేత ఆకుపచ్చ రంగు సున్నపురాళ్ల మీద బుద్ధుడి కథలు. నాకు ఒక పొట్ట బొమ్మ తప్ప ఇంకేదీ గుర్తు లేదు.

నాన్న మాత్రం లోయ నమూనా దగ్గర ఆగిపోయాడు. మునిగిపోకముందు ఎట్లా ఉండేదో చిన్నగా చేసిపెట్టారు. వేలుతో ఒక్కోటి చూపిస్తున్నాడు. ఇదిగో ఇక్కడ స్నానఘట్టం, ఇదిగో జనం మెట్ల మీద కూర్చుని ఆటలు చూసే చోటు. “ఇందాక మన లాంచీ దీని మీది నుంచే వచ్చింది పాపా, తెలుసా.” బయట లాంచీ వాడు హారన్ కొడుతున్నాడు, అమ్మకు టెన్షన్. నేను, “ఇది ఉత్త బొమ్మ కదా నాన్నా, పోదాం రా” అన్నా.

నాన్న ఏమీ అనలేదు. వేలు తీసేశాడు. లాంచీలో అమ్మ తిట్లన్నీ ఆయనకే పడ్డాయి, మా వల్లే ఆలస్యమని తక్కినవాళ్లు చూసిన చూపులూ ఆయనకే. నాకు ఆరోజు జాలి కూడా కలగలేదు.

సరే, బావ సంగతికొస్తే ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. రాజమహల్లో దూలం, వాసం, కర్ర అన్నమాటే లేదు. మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నం, అంతే. పులిహోర అయ్యాక మేము పడవ దగ్గరుంటే బావ కనిపించలేదు. పోయి చూస్తే మళ్లీ లోపలే ఉన్నాడు, ఒక్కడే, మెడ వెనక్కి విరిచి పైకప్పు చూస్తూ. ఇరవై ఏళ్లుగా స్లాబులు పోయించే మనిషి. ఫోన్ జేబులో ఉంది. “సెంట్రింగ్ ఎట్లా పెట్టుంటారబ్బా” అని గోడను అరచేత్తో తడుముతున్నాడు. మద్రాసు స్థలం ఇంగ్లీషువాళ్లకు 1639లో రాసిచ్చింది ఈ కోటలోనే అంటారు, పక్కనే ఎవరో పిల్లలకు ఆ కథ చెబుతున్నారు. అది ఆయన చెవిన పడితేగా. పిలవబుద్ధి కాలేదు. పిలవకుండా వచ్చేశా.

మరి రాయల దగ్గర అట్లా ఎందుకన్నాడంటే ఏమో. విగ్రహాలు ఆయనవి కావు, కప్పు ఆయనది, అంతేనేమో. అట్లాగని క్షమించేశానని కాదు. చిన్నోడు చేతులు దించిన తీరు ఇంకా కళ్ల ముందే ఉంది.

నాన్న తొమ్మిదింటికే పడుకుంటాడు చిత్తూరులో. లేకపోతే ఇప్పుడే ఫోన్ చేసి అడిగేదాన్ని, ఆరోజు నేను పోదామన్నప్పుడు ఆయన వేలు ఏ చోటు మీద ఉందో.

ఇది రాస్తుండగా అక్క మెసేజ్. ఇంకా మేలుకునే ఉందన్నమాట. “బావ అడగమంటున్నాడు, ఆ సున్నంలో ఏం కలిపేవాళ్లో నీకేమైనా తెలుసా అని.”

పొద్దున చెబుతా. ఇప్పుడే జవాబిస్తే మెత్తబడ్డాననుకుంటాడు.