ముందు చక్రంలో గరగర: బుడమేరు నీళ్లలో నిలిచిన కారు, పని పుస్తకం

బండి చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు, ఫ్రంట్ వీల్ డ్రైవ్. బ్రేకులు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు చక్రాలు సగం దాటి నీళ్లలో ఉంది. ఇంజన్లోకి నీరు పోలేదని ఆయిలు మార్చి, బ్రేకులు కడిగి తిప్పేస్తున్నారు. గరగర చాలా నెలల తర్వాత మొదలైంది.

మొదటి రోజు: వినడం

పానా పట్టకముందే, దేన్ని మారిస్తే శబ్దం మారుతోందో చూడాలి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న ఇన్నర్ రింగ్ రోడ్డు, అద్దాలు దించి, ఏసీ ఆపి. నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ లేదు. 40 దాటాక మొదలై 60కి పిండిమర పక్కన కూర్చున్నట్టుంది. 60లో న్యూట్రల్ చేసినా అదే రొద, అంటే ఇంజను, క్లచ్చు లెక్కలోంచి పోయాయి. (ఇంజను ఆపేసి మాత్రం చూడొద్దు. స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు బూస్టరు పనిచేయదు.) బ్రేకు మెల్లగా అదిమినా తేడా లేదు. స్టీరింగు చివరిదాకా తిప్పి నిదానంగా గుండ్రంగా పోనిస్తే టకటక రాలేదు, కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) జాయింట్లు కావు.

ఎడమకు వంపు తీసుకుంటే రొద పెరిగింది, కుడికి తగ్గింది. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అనుమానం కుడి బేరింగు (చక్రం తేలిగ్గా తిరగడానికి లోపలుండే బంతుల రింగు) మీద. ఇదిగాక 20 లోపు వేగంలో రేకు గీసినట్టు సన్నటి శబ్దం ఇంకొకటుంది. రెండింటినీ ఒకటే అనుకుంటే పని చెడుతుంది.

రెండో రోజు: జాకీ

చక్రం నట్లు నేల మీదే సడలించి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, తర్వాత లేపాలి. విజయవాడ ఎండకు తారు మెత్తబడుతుంది, జాకీ కాలు దిగిపోతుంది. కింద అడుగు చదరం దళసరి చెక్క వేశాం. స్టాండు పెట్టకుండా చెయ్యి లోపల పెట్టేది లేదు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ఆట (వదులు) ఉంది. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆ ఆట పోయింది. పోకపోయి ఉంటే బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) చూడాల్సి వచ్చేది. స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి చక్రం తిప్పితే లోపల ఇసుక నలుగుతున్నట్టు చేతికి తెలిసింది. ఎడమ పక్క నున్నగా తిరిగింది.

సన్నటి గీత శబ్దం డిస్కు వెనక రేకుది. కంకర ముక్క ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవరుతో రేకును రెండు మిల్లీమీటర్లు వెనక్కి వంచితే రాలిపోయింది. రొద మాత్రం అలాగే ఉంది.

కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) విప్పాం కాబట్టి ప్యాడ్లూ చూశాం. లోపలి ప్యాడ్ 2.5 మిల్లీమీటర్లు, బయటిది 6. ఇంత తేడా వచ్చిందంటే కాలిపర్ జారే పిన్ను పట్టేసినట్టే. రబ్బరు చిరిగి లోపల ఒండ్రు పేరుకుంది. పిన్నుకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. కాలిపర్‌ను బ్రేకు పైపుకు వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాం. డిస్కు మీద చెక్కిన కనిష్ఠ మందం 15 మిల్లీమీటర్లు, మైక్రోమీటరులో 16.1 వచ్చింది. ప్యాడ్లు రెండు పక్కలా కొత్తవి, డిస్కులు పాతవే.

మూడో రోజు: బేరింగు

హబ్ (చక్రం బిగించే భాగం) నట్టు అంచును గాడిలోకి కొట్టి ఉంటుంది. దాన్ని చిన్న ఉలితో లేపాకే విప్పాలి, లేకుంటే మర పోతుంది. ఈ నట్టు మళ్లీ వాడేది కాదు, కొత్తది ముందే కొని పెట్టుకోవాలి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు మొదట తీసి పక్కన కట్టాలి. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన కాలు) బోల్టులు ఎక్కడున్నాయో తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి నకిల్ (బేరింగు కూర్చునే ఇనుప ముక్క) విడదీశాం.

ఇక్కడి నుంచి ఇంట్లో అయ్యే పని కాదు, ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి. హబ్‌ను బయటికి నెడితే లోపలి రింగు సగం దానికే అతుక్కుని వచ్చింది. గ్రైండరుతో ముప్పాతిక లోతు కోసి, ఉలితో పగలగొట్టి తీశారు. హబ్‌కు గీత పడకూడదు. సర్క్లిప్ (బేరింగును పట్టి ఉంచే రింగు) తీశాక పాత బేరింగు వచ్చింది. గ్రీజు పాలు పోసిన టీ రంగులో ఉంది, బంతులు తిరిగే దారిలో తుప్పు గుంతలు. సీలు ఆపేది రోడ్డు మీద చిమ్మే నీటిని, రోజుల తరబడి మునిగి ఉంటే దాని వల్ల కాదు.

కొత్తది నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్ దించేటప్పుడు కింద లోపలి రింగుకే ఆధారం ఉండాలి. తారుమారైతే బలమంతా బంతుల మీదుగా పోయి రింగులో నొక్కులు పడతాయి, కొత్త బేరింగు మొదటి కిలోమీటరు నుంచే కూస్తుంది. సుత్తితో కొట్టి దించుతామంటే ఒప్పుకోవద్దు, ఎంత అనుభవం ఉన్న చెయ్యయినా సరే. ఒక పక్క సీలులో అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సరు వైపుకే రావాలి. సన్నటి పిన్ను దగ్గర పెడితే ఏ పక్కో తెలుస్తుంది. తిరగేసి వేస్తే ఏబీఎస్ దీపం వెలుగుతుంది, మళ్లీ విప్పితే ఆ బేరింగు పనికిరాదు.

హబ్ నట్టు బండి స్టాండు మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, టార్క్ రెంచితో మాన్యువల్‌లోని అంకెకు బిగించాం. వదులుగా ఉన్న బేరింగు మీద బండి బరువు వేసి కదిపితే అది అక్కడే పాడవుతుంది.

నాలుగో రోజు: పరీక్ష

బెంజ్ సర్కిల్ నుంచి కాజ టోల్‌ ప్లాజా దాకా వెళ్లి వచ్చాం. పిండిమర పోయింది. 70 దగ్గర సన్నటి గుయ్యిమనే శబ్దం మిగిలింది. ముందు టైర్లు వెనక్కి మారిస్తే శబ్దమూ వెనక్కి పోయింది. అది టైరు అరుగుదలే. చక్రం నట్లు 100 కిలోమీటర్లకు మళ్లీ బిగించి, అలైన్‌మెంటు చేయించాం.

ఎడమ బేరింగు కూడా అదే నీళ్లు చూసింది. శబ్దం, ఆట లేనంతవరకు దాని జోలికి పోవడం లేదు, నెలకోసారి స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూడడం చాలు. మిగిలింది వెనక డ్రమ్ములు. హ్యాండ్ బ్రేకు వదిలాక కుడి చక్రం బరువుగా తిరుగుతోంది. లోపల ఒండ్రు గట్టిపడి ఉండొచ్చు. వచ్చే ఆదివారం విప్పాలి.