పడవ కవరు: ముందు వాలు, తర్వాత బిగింపు, ఆ తర్వాతే గుడ్డ

పడవకి కవరు కుట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ గుడ్డ కొనాలి?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. పడ్డ వాన ఎటు జారిపోతుంది అన్నది మొదటిది, గాలి ఎక్కడ దూరుతుంది అన్నది రెండోది. వాన పడినందుకు చిరిగే కవర్లు తక్కువ. నీళ్లు నిలిచో, గాలికి టపటపా కొట్టుకునో చిరిగేవే ఎక్కువ.

చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు మేర 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిస్తే 50 కిలోలు. ఒక మనిషి ఎక్కి కవరు మధ్యలో కూర్చున్నట్టే. ఆ బరువుకి గుడ్డ ఇంకాస్త దిగుతుంది, గుంట పెద్దదవుతుంది, అందులోకి ఇంకాసిని నీళ్లు చేరతాయి. గాలిదీ ఇదే వరస. ట్రెయిలర్ మీద గంటకి 80 కిలోమీటర్ల వేగంతో లాగితే ఎదురుగాలి చదరపు మీటరుకి దాదాపు 30 కిలోల బరువుతో తోస్తుంది. అదే 100 అయితే 48. వేగం పెరిగింది పావు వంతే, తోపు మాత్రం సగానికి పైగా పెరిగింది. ఒడ్డున నిలిపిన పడవ మీద చక్కగా కూర్చున్న కవరు రోడ్డెక్కగానే చిరగడానికి కారణం ఇదే.

లెక్కలు తేలిగ్గా అర్థం కావాలంటే ఎదురుగా ఒక పడవ ఉండాలి. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, ముందు గాలి అద్దం, వెనక ఔట్‌బోర్డ్ మోటారు ఉన్న బోటు అనుకుందాం. పడవ ముక్కుని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారు కదా, ఇక్కడా ఆ మాటలే వాడతాను.

వాలు సంగతి ముందు తేల్చాలి. ఇంటి కప్పుకి ఎలాగో దీనికీ అలాగే. 2 మీటర్ల వెడల్పున్న పడవకి మధ్యలో అంచుల కన్నా 36 నుంచి 40 సెంటీమీటర్లు ఎత్తు వస్తే 20 డిగ్రీల వాలు దొరుకుతుంది. అంతకన్నా తక్కువైతే తడిసి సాగిన గుడ్డ మీద నీళ్లు ఆగుతాయి. చాలామంది రెండు మూడు రాటలు నిలబెట్టి, గుడ్డ నేరుగా వాటి మీద వేసేస్తారు. అప్పుడు రాట ఉన్నచోట మొన తేలుతుంది, రెండు రాటల మధ్య గిన్నెలా గుంట పడుతుంది. దీనికి విరుగుడు తేలికే. అణియం కొక్కెం దగ్గర్నుంచి రాటల తలల మీదుగా అమరం దాకా 50 మిల్లీమీటర్ల వెడల్పు పాలిస్టర్ పట్టీ ఒకటి బిగించి కట్టండి. బరువు మోసేది ఆ పట్టీ, గుడ్డ దాని మీద ఊరికే పడుకుంటుంది. రాటలు మీటరు నుంచి మీటరుంపావు దూరంలో ఉంటే చాలు. రాట తల మీద కనీసం 10 సెంటీమీటర్ల బిళ్ల ఉండాలి, అడుగున రబ్బరు బూటు ఉండాలి. బిళ్ల లేని పైపు గుడ్డకి చిల్లు పెడుతుంది, ఎన్నాళ్లకి అన్నదే తేడా.

రాటలు, పట్టీ బిగించాకే పాటర్న్ (గుడ్డ కోతకి కొలత నమూనా) తీయాలి. ఖాళీ పడవ మీద కొలతలు తీసుకుని రాటలు తర్వాత పెట్టుకుందాంలే అనుకుంటే, కుట్టిన కవరు పక్కలకి పొట్టి అవుతుంది.

పాటర్న్‌కి 100 మైక్రాన్లకి తగ్గని పాలిథిన్ షీటు వాడండి. పల్చటిది చేతి లాగుడుకే సాగుతుంది. ఎండలో అయితే మరీను. సాగిన షీటు మీద గీసిన గీత అసలు కొలత కన్నా పెద్దది, దాని ప్రకారం కుట్టిన కవరు వదులు. అందుకని పొద్దున్నే, నీడలో. షీటుని మధ్య పట్టీ మీద టేపుతో అంటించి, మధ్య నుంచి పక్కలకి చేత్తో నిమురుతూ ముడతలు తీయాలి, గుంజకూడదు. పడవ అంచు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది కదా, దాని కిందికి 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా చూరు దిగాలి. ఆ గీత, మధ్య గీత, అద్దం మూలలు, తాళ్లు కట్టే కొమ్ములు, రాట తలలు అన్నీ మార్కర్‌తో గుర్తు పెట్టాలి. అతుకు వచ్చే చోట ప్రతి 30 సెంటీమీటర్లకీ అడ్డగీత గీసి నంబరు వేయండి. కుట్టేటప్పుడు పై గుడ్డ, కింది గుడ్డ ఒకే వేగంతో నడవవు. ఈ గీతలు కలవకపోతే 5 మీటర్ల అతుకు చివర రెండు సెంటీమీటర్లు తేడా వచ్చి కవరు మెలి తిరుగుతుంది. ఒక్క పక్కే తీసి రెండో పక్కకి తిరగేద్దామనే ఆశ వద్దు. స్టీరింగ్ ఒకవైపే ఉంటుంది, అద్దం కూడా రెండువైపులా ఒకేలా ఉంటుందన్న భరోసా లేదు.

ఇప్పుడు గుడ్డ. పోగు తయారయ్యేటప్పుడే రంగు కలిపి నేసిన ఆక్రిలిక్ చదరపు మీటరుకి 310 గ్రాములు ఉంటుంది. సన్‌బ్రెల్లా పేరుతో దొరికేది ఆ రకమే. ఎండకి బాగా తట్టుకుంటుంది, లోపలి ఆవిరి బయటికి పోనిస్తుంది. రాపిడికి మాత్రం ఓర్వదు. పూత వేసిన పాలిస్టర్ రాపిడికి గట్టిది, సాగదు, రోడ్డు మీద లాగే పడవకి అదే నయం. పివిసి టార్పాలిన్ చుక్క నీరు దిగనివ్వదు, లోపలి తేమనీ బయటికి పోనివ్వదు. పది రోజులు కప్పి ఉంచితే సీట్ల మీద బూజు. నూలు కాన్వాస్ కుంచించుకుపోతుంది, తడిగా ఉంటే కుళ్లుతుంది.

ఎంత కావాలి? గుడ్డ పన్నా మీటరున్నర అనుకుంటే, ముక్కలు పడవకి అడ్డంగా పరవాలి. అతుకులు అప్పుడు నీళ్లు జారే దిశలోనే ఉంటాయి. నడిమి ఎత్తుతో కలిపి వెడల్పు 2.15 మీటర్లు, రెండు పక్కలా చూరు 50 సెంటీమీటర్లు, అంచు మడతలు 14, మొత్తం 2.8. అలాంటివి 4 ముక్కలంటే 11.2 మీటర్లు. అంచు పట్టీకి, అతుకులకి, గాలి ఆడే గూళ్లకి కలిపి 13 మీటర్లు తీసుకోండి. ఆక్రిలిక్ అయితే మొత్తం ఆరు కిలోల బరువు, ఒక్కరే మోసి కప్పొచ్చు. అంచులు కత్తెరతో కాక వేడి కత్తితో కోస్తే పోగులు ఊడవు.

దారం దగ్గర పొదుపు చేసినవాళ్లు రెండో ఏడాదే మళ్లీ కుడతారు. నైలాన్ దారం ఎండకి పొడైపోతుంది, గుడ్డ మాత్రం కొత్తగానే ఉంటుంది. ఎండకి తట్టుకునే బాండెడ్ పాలిస్టర్ (పోగులు విడిపోకుండా పూత వేసిన దారం), లావు వి-92 సైజు, దానికి 110/18 నంబరు సూది, కుట్టు నిడివి 4 నుంచి 5 మిల్లీమీటర్లు. మరీ దగ్గరగా కుడితే సూది చిల్లులు వరసగా పడి, చించడానికి గీత గీసి ఇచ్చినట్టవుతుంది. ఇంట్లో వాడే మెషీన్ మూడు నాలుగు పొరలు లాగుతుంది. మూలల్లో ఎనిమిది పొరలు వస్తాయి, అక్కడ మొరాయిస్తుంది. ముందే పొరలు తగ్గించుకునేలా ముక్కలు కోసుకోవడమో, పెద్ద మెషీన్ వెతుక్కోవడమో చేయాలి.

అతుకు రెండు వరసల మడత కుట్టు కావాలి. ఒక అంచులో రెండోది చుట్టుకుని, పోగు ఎక్కడా బయటికి కనపడకుండా. మడత నోరు అమరం వైపు తిరిగి ఉండాలి. పెంకుల్లాగా ముందు ముక్క వెనక ముక్క మీదికి ఎక్కాలన్నమాట. తిరగేసి కుడితే ఎదురుగాలి ప్రతి అతుకులోనూ వేలు పెట్టి లాగుతుంది. కుట్టే ముందు రెండు వైపులా అంటుకునే సన్న టేపు వేసుకుంటే గుడ్డ జరగదు, పిన్నులు గుచ్చే పని తప్పుతుంది.

ఇక అసలు సంగతి, అంచు బిగింపు.

చూరు గీత వంపుగా ఉంటుంది. వంపు అంచుని నేరుగా లోపలికి మడిస్తే ముడతలు పడతాయి, అంచులో వేసే బిగింపు తాడు ఆ ముడతల్లో ఇరుక్కుంటుంది. అందుకని అదే గుడ్డలోంచి ఏటవాలుగా కోసిన 7 సెంటీమీటర్ల పట్టీని అంచుకి వేరుగా కుట్టి లోపలికి తిప్పండి. అందులో 6 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు వెయ్యాలి. పట్టీ కుట్టేటప్పుడే లోపల పెట్టేసి కుట్టడం మంచిది, తర్వాత పిన్నీసు గుచ్చి పది మీటర్లకి పైగా తోసుకుంటూ పోవడం కన్నా. తాడు మధ్యభాగాన్ని అణియం దగ్గర నాలుగు కుట్లతో కదలకుండా పట్టించి, రెండు కొసలూ అమరం మూలల్లోంచి బయటికి తీయాలి. కుట్టు లేకపోతే ఒక కొస లాగినప్పుడల్లా రెండో కొస లోపలికి పోతుంది.

తాడు ఎంత బిగించినా పట్టు నిలిచేది రబ్బరు పట్టీ కింద పడవ గోడ లోపలికి వాలి ఉన్నప్పుడే. గోడ నిలువుగా ఉన్న పడవల్లో తాడు బిగించిన కొద్దీ పైకి పాకుతుంది. అలాంటి వాటికి పొట్ట కింద నుంచి వెళ్లే పట్టీలు తప్పవు. 25 మిల్లీమీటర్ల పాలిస్టర్ పట్టీ, 60 నుంచి 75 సెంటీమీటర్లకి ఒకటి. నైలాన్ పట్టీ తడిస్తే సాగుతుంది, పాలీప్రొపిలీన్ ఎండకి పెళుసెక్కుతుంది. పట్టీ కొస చూరు మీద కుట్టే చోట కింద 10 సెంటీమీటర్ల గుడ్డ ముక్క అదనంగా వేసి, చతురస్రం కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టు వెయ్యాలి. అక్కడ ఐలెట్ (చిల్లుకి వేసే లోహపు రింగు) కొట్టి తాడు కట్టేవాళ్లున్నారు. గాలి ఒక్కటి విసిరితే ఐలెట్ ఊడి చేతికొస్తుంది, గుడ్డలో గుండ్రటి కన్నం మిగులుతుంది. బకిల్ వెనక చిన్న గుడ్డ నాలుక ఉంచితే పడవ రంగు గీరుకుపోదు. పట్టీ బిగించే ముందు ఒక మెలి తిప్పండి. బల్లపరుపుగా ఉన్న పట్టీ గాలికి రాత్రంతా బుర్రుమంటూనే ఉంటుంది, ఆ అదురుకి కుట్లు కూడా తెగుతాయి. మెలి పడితే నోరు మూస్తుంది.

టిచ్ బటన్లు చూడ్డానికి అందంగా ఉంటాయి. పడవకి డజన్లకొద్దీ చిల్లులు పెట్టాలి కాబట్టి అవి చిట్టచివరి మార్గమనే నా లెక్క. పెట్టాలనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, 15 నుంచి 20 సెంటీమీటర్లకి ఒకటి. గుడ్డ వైపు బటన్ మూడు పొరల మీద కొట్టాలి. పడవ వైపు చిల్లు నోటిని కొంచెం చెక్కాక స్క్రూ ఎక్కిస్తే జెల్‌కోట్ (ఫైబర్ పడవ మీది నున్నటి పై పూత) పగలదు. స్క్రూకి సీలెంట్ మర్చిపోవద్దు. వరసగా ఒక చివర నుంచి కొట్టుకుంటూ పోతే చివరి బటన్ నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతుంది. అణియం మధ్యలో ఒకటి, అమరం మధ్యలో ఒకటి, తర్వాత ఎడమ, కుడి, మార్చి మార్చి నడవాలి.

నీళ్ల మీదే కట్టి ఉంచే పడవకి పొట్ట కింద పట్టీలు కుదరవు. చూరు అంచుకి చిన్న సంచులు కుట్టి, కిలో రెండు కిలోల ఇసుక మూటలు వేలాడదీస్తే చాలు. అంచు మాత్రం నీటికి తగలకూడదు, 10 సెంటీమీటర్లు పైనే ఆగాలి.

గాలి గూళ్లు రెండు, అణియం వైపు ఒకటి, అమరం వైపు ఒకటి, రెండింటి నోరూ వెనక్కే. లోపలి తేమ పోవడానికే కాదు, దూరిన గాలి కవరుని బూరెలా ఉబ్బించకుండా బయటికి పోవడానికి కూడా. జిప్పు పెట్టాల్సి వస్తే 10వ నంబరు లావు ప్లాస్టిక్ పళ్లది, పైన కప్పు ముక్కతో. మోటారుని ఇదే కవరులో కలపొద్దు. అది పైకీ కిందకీ కదిలే వస్తువు, దానికి వేరే టోపీ కుట్టి, కవరుని అమరం పలక దగ్గరే ఆపేయండి.

అద్దం మూల ఉన్నచోట కవరు లోపలివైపు రెండో పొర వేయండి. మూలలు గుండ్రంగా కోసిన ముక్క, అరచేతికి రెండింతలు. కోణంగా వదిలేస్తే ఆ కోణమే ముందు లేస్తుంది. అద్దానికి గీతలు పడకుండా మెత్తటి గుడ్డ వాడాలి. కొమ్ములకీ, రాట తలలకీ ఇలాగే.

కుట్టు పూర్తయ్యాక పడవ మీద కప్పి, అణియం కాస్త ఎత్తుగా ఉంచి, అడుగు బిరడా తీసేసి గొట్టంతో పావుగంట నీళ్లు కొట్టండి. ఒకరు లోపలికి దూరి టార్చి వేసి చూడాలి. అతుకుల దగ్గర చెమట పట్టినట్టు కనిపిస్తే పైనుంచి మైనం రుద్దితే సరి. పైన ఎక్కడైనా నీళ్లు ఆగితే అది కుట్టు తప్పు కాదు, వాలు తప్పు. రాట ఒకటి పెంచాలి, లేదా మధ్య పట్టీ బిగించాలి. నెల తర్వాత కవరు తిరగేసి లోపలి వైపు వేలితో తడిమితే కొన్ని చోట్ల గుడ్డ నున్నబడి మెరుస్తుంటుంది, కొన్ని చోట్ల నూగు లేచి ఉంటుంది. చిల్లులు ముందు పడేది అక్కడే. మిగిలిన గుడ్డ పారేయకుండా మాసికలకి దాచుకోమనేది అందుకే.